ఫక్రీ నోటికి ఇరవై శాతం తగ్గింపు

ఫక్రీ దరాగ్మా కత్తెర ఆగడం హార్మన్ కౌంటీ ప్రజలు చూశారు గాని, నోరు ఆగడం చూసినవారు లేరు. పాలస్తీనాలోని తూబాస్ నుంచి అమెరికా దక్షిణాదికి వచ్చి ముప్పై నాలుగేళ్ళయింది. వచ్చిన కొత్తలో ఇంగ్లీషు రాదు, అయినా మాట్లాడాడు. తరవాత వచ్చింది, ఇక చెప్పేదేముంది. బజారులో సొంత క్షవరశాల ఉంది. అది కాక, ఇరవై ఏడేళ్ళుగా ప్రతి మంగళవారం కౌంటీ వారి వృద్ధాశ్రమానికి వెళ్ళి అక్కడి పెద్దల జుట్టు కత్తిరిస్తాడు. మంగళవారం క్షవరమా అని మనవాళ్ళు ముక్కున వేలేసుకోవచ్చు. ఆ కౌంటీకి ఆ పట్టింపు లేదు.

ఆ మంగళవారాలంటే ఫక్రీకి ప్రాణం. మెడకి గుడ్డ కట్టించుకుని, తల కదిపితే చెవి తెగుతుందన్న భయంతో కదలకుండా కూర్చునే శ్రోతలు లోకంలో మరే వక్తకీ దొరకరు. వాళ్ళకి అతను తూబాస్ ఆలివ్ పళ్ళ గురించి చెప్పాడు. తన తల్లి సాకిన, పన్ను వసూలుకొచ్చిన అధికారిని కరిచిన గాడిద గురించి చెప్పాడు. అన్నిటికంటే ఎక్కువగా జోర్డాన్ లోయలో తన మేనమామ తవ్వించిన బావి గురించి చెప్పాడు. పెద్దలు బతిమాలుకున్నారు, కసురుకున్నారు, ఒకావిడ కునుకు నటించింది. ఏదీ పని చెయ్యలేదు.

హార్మన్ కౌంటీ ప్రజల వల్ల కాని ఆ పనికి చివరికి రాష్ట్ర చట్టసభే పూనుకుంది.

చట్టసభ వారికి ఫక్రీ ఎవరో తెలియదు. వారు చేసిందల్లా ఒక చట్టం. దాని ప్రకారం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకునే ప్రతివాడూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: ఇజ్రాయెల్‌తో గాని, దాని అధీనంలోని ప్రాంతాలతో గాని వ్యాపారం చేసేవారిని నేను బహిష్కరించడం లేదు, ఈ ఒప్పందం నడిచినన్నాళ్ళూ బహిష్కరించబోను అని. వృద్ధాశ్రమం ఒప్పందం ఆ ఏడు తిరగరాయాల్సి వచ్చింది కనక ఆ కాగితం ఫక్రీ ముందుకీ వచ్చింది.

తెచ్చింది కౌంటీ కార్యాలయంలో గుమస్తా డోరీన్. ఆవిడ తండ్రికి ఆఖరి క్షవరం చేసింది ఫక్రీయే.

"అందరూ పెడుతున్నదే మిస్టర్ ఫక్రీ. జిరాక్సు మిషన్ వాళ్ళు పెట్టారు. గడ్డి కోసే ఆయన పెట్టాడు. ఆయనకైతే ఇజ్రాయెల్ ఎక్కడుందో కూడా తెలీదు."

"అందుకే పెట్టాడమ్మా. నాకు తెలుసు, అదే చిక్కు."

కాగితం ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. భార్య ఇనామ్ కళ్ళజోడు తగిలించుకుని రెండుసార్లు చదివింది.

"అబూ రయ్యాన్, ఇంతకీ నువ్వు బహిష్కరించేది ఏమిటి?" అంది, మొగుణ్ణి కొడుకు పేరు మీద 'రయ్యాన్ నాన్నా' అని పిలిచే తమ ఊరి అలవాటు ప్రకారం.

ఇద్దరూ కలిసి ఇల్లంతా గాలించారు. ఎంత గాలించినా వారి బహిష్కరణోద్యమం ఏడాదికి ఒక్క ఖర్జూరం పెట్టెకి మించలేదు. రంజాన్ ముందు ఫక్రీ కొట్టుకి వెళ్ళి, ప్రతి పెట్టె తిరగేసి, ఆ జోర్డాన్ లోయ పేరు కనబడితే అరలో పెట్టేసి పక్క పెట్టె తీసుకుంటాడు. అతని మేనమామ బావి ఉండేది ఆ లోయలోనే. బావి ఇప్పటికీ ఉంది. దాని నీళ్ళు ఇప్పుడు ఇజ్రాయెల్ వాళ్ళు అక్కడ వేసిన ఖర్జూరపు తోటకే వెళ్తాయి. మేనమామకే దారి లేదు.

"ఒక్క పెట్టె. దానికి చట్టసభ కూర్చుంది," అంది ఇనామ్. "సంతకం పెట్టేసి, ఖర్జూరం మానెయ్. అత్తిపళ్ళు తిందాం."

"ఖర్జూరం మానెయ్యగలను. బహిష్కరించడం లేదని అబద్ధం రాయమంటే ఎలా? పైగా ముందు ముందు ఏ పండు కొంటానో, ఏ పండు కొననో అప్పులవాడికి రాసిచ్చినట్టు రాసివ్వాలా?"

"అయితే మంగళవారాలు పోతాయి."

ఫక్రీ మాట్లాడకపోయేసరికి ఇనామ్‌కి భయం వేసి టీ పెట్టింది.

మరుసటి మంగళవారం ఆశ్రమంలో మొదటి తల లానమ్ జడ్జిది. తొంభై ఒకటో ఏట కూడా ఆయన తలలో ఉన్న చట్టం తల మీద ఉన్న జుట్టు కంటే ఎన్నో రెట్లు. ఫక్రీ కాగితం చూపించాడు. జడ్జి భూతద్దం తెప్పించుకుని, తన మనవరాలి చేత చట్టం పూర్తి పాఠం కూడా తెప్పించుకుని, మధ్యాహ్న భోజనం దాకా చదివాడు. తరవాత తీర్పు చెప్పే గొంతుతో అన్నాడు:

"ఇందులో ఒక కిటికీ ఉంది. సంతకం పెట్టినవాళ్ళలో అందరికంటే తక్కువకి ఎవరు పాడారో చూసి, అంతకన్నా ఇరవై శాతం తక్కువకి నువ్వు చేస్తానంటే, నీకు సంతకం అక్కర్లేదు. పట్నం సెలూన్ వాళ్ళు తలకి పదకొండు డాలర్లన్నారట. నువ్వు ఎనిమిది ఎనభై అను. ఏ పండు తింటావో తిను, ఎవరినైనా తిట్టు."

"ఇరవై శాతమేనా? మా నాన్న కొట్లో ముప్పై తగ్గించకపోతే కొనేవాడు అవమానం కింద జమ కట్టేవాడు." అంటూనే ఫక్రీ మొహం ముడుచుకుంది. "అంటే నా నోరు నాది కావడానికి తలకి ఇంతని నేను ఎదురివ్వాలన్నమాట."

"ఈ దేశంలో మాట ఉచితం అనుకున్నావా?"

"రాజ్యాంగంలో అలాగే రాశారని విన్నానండీ."

"రాసినవాళ్ళకి ఈ కాగితం అందలేదు. ముప్పై ఏళ్ళు బెంచి మీద కూర్చున్నాను ఫక్రీ. మాట్లాడే హక్కుని తగ్గింపు ధరకి అమ్మడం ఇప్పుడే చూస్తున్నా. ఇది కోర్టులో నిలబడాలో కూలాలో వాళ్ళు తేల్చుకునేసరికి మా జుట్టు భుజాల దాకా వస్తుంది. పో, ఎనిమిది ఎనభై అని చెప్పిరా."

ఫక్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కౌంటీ కార్యాలయానికి బయల్దేరాడు. దారి పొడుగునా ఎనిమిది ఎనభై, ఎనిమిది ఎనభై అని వల్లె వేసుకున్నాడు. డోరీన్ కుర్చీ చూపించింది, కాఫీ ఇచ్చింది, వాళ్ళమ్మ మోకాళ్ళ సంగతి చెప్పింది. ఫక్రీ ఆ మోకాళ్ళకి తైలం చెప్పాడు. ఇద్దరి మధ్యా ఆప్యాయత ఆ విధంగా పరాకాష్టకి చేరిన ఘడియలో డోరీన్ కలం తీసి అడిగింది:

"సరే, తలకి ఎంత రాయమంటారు?"

తూబాస్‌లో పుట్టిన ఏ దుకాణదారుడైనా, ఆత్మీయులు ధర అడిగినప్పుడు అనేది ఒకటే మాట. తాత అన్నాడు, తండ్రి అన్నాడు, బజారులో తన కుర్చీ దగ్గర ఫక్రీయే లక్షసార్లు అన్నాడు. వద్దన్నా నాలుక దానంతట అదే అనేసింది:

"మీ దగ్గర డబ్బులేమిటమ్మా, వదిలెయ్యండి. ఇది మా మీద."

ఈ మాటకి అడిగినవాళ్ళు అయ్యో కుదరదంటారు. ఇతను ఒట్టు పెడతాడు. వాళ్ళూ ఒట్టు పెడతారు. మూడోసారికి డబ్బు చేతులు మారుతుంది, మర్యాద ఇద్దరి దగ్గరా మిగులుతుంది. కొన్ని వందల ఏళ్ళుగా ఇందులో ఎవరూ నష్టపోలేదు.

డోరీన్ కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచివారు," అని కాగితం మీద సున్నా వేసింది.

ఫక్రీ ఆవిడ రెండోమాట కోసం ఎదురుచూశాడు. ఆవిడ ముద్ర కొట్టింది. పదకొండు డాలర్ల మీద సున్నా నూరు శాతం తక్కువ కనక, చట్టం కోరినదానికి ఐదు రెట్ల తగ్గింపు ఇచ్చినవాడయ్యాడు. ఆ రాష్ట్రంలో అతనంత స్వేచ్ఛగా మాట్లాడదగిన మనిషి ఆ పూట ఇంకొకడు లేడు. మాట మాత్రం పెగల్లేదు. "మా మీద" అన్నవాడు మళ్ళీ ధర చెప్పడం కంటే క్షవరశాల మూసుకోవడం నయం.

ఇంట్లో ఇనామ్ అంతా విని, చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"నోరు కాపాడుకోడానికి వెళ్ళి, నోటితోనే అంతా ఇచ్చొచ్చావు. నీ అంతటివాడు తూబాస్‌లో కూడా లేడు."

"మంగళవారాలు మిగిలాయి కదే."

"మిగిలాయి. కత్తెరకి సాన డబ్బులు కూడా నీవే."

తరవాతి మంగళవారం ఇనామ్ కూడా ఆశ్రమానికి వచ్చింది, పళ్ళెం నిండా ఖర్జూరం కూరిన బిస్కెట్లతో. ఏ లోయ ఖర్జూరమో ఎవరూ అడగలేదు. భర్త గుడ్డలు దులుపుతుండగా జడ్జి కుర్చీ పక్కన చేరి మెల్లగా చెప్పింది:

"జడ్జి గారూ, మా ఆయన మూడుసార్లు వద్దంటాడు. మూడోసారి మాటలు వినకుండా జేబులో కుక్కెయ్యాలి. రెండుసార్లకే ఊరుకుంటే తప్పు మీది."

జడ్జి తల పంకించి, హాలులో అందరికీ వినపడేలా ప్రకటించాడు: ఇవి కౌంటీ డబ్బులు కావు, ఒప్పందం కిందికి రావు, పెద్దవాళ్ళు సంతోషించి ఇచ్చేదాన్ని ఆపే చట్టం తన జ్ఞానంలో లేదు, అందరూ మూడుసార్లు లెక్కపెట్టుకోవాలి. ఆ మధ్యాహ్నం ఫక్రీ ముప్పై ఆరుసార్లు వద్దన్నాడు. పన్నెండుసార్లు ఓడిపోయాడు. జేబు బరువెక్కి చొక్కా ఒకవైపుకి వంగింది.

జడ్జి వంతు ఆఖర్న వచ్చింది. ఫక్రీ మెడకి గుడ్డ కడుతూనే, "మా మేనమామ బావి గురించి మీకు చెప్పానో లేదో," అని మొదలెట్టాడు.

"నీ మాటకి ఇప్పుడు పూర్తి రక్షణ ఉంది ఫక్రీ. నా చెవులకి కూడా ఒకటుంది." జడ్జి చెవి మిషన్ మీద చెయ్యి వేసి, మీట నొక్కినట్టు చేసి, కళ్ళు మూసుకున్నాడు.

ఫక్రీకి అదేమీ అడ్డు కాలేదు. బావి ఎలా తవ్వారో, రాయి ఎక్కడ తగిలిందో, మొదటి చేద నీళ్ళు ఎవరు తాగారో అద్దంలో తనకి తనే చెప్పుకుంటూ పోయాడు. "ఇరవై రెండు బారల లోతండీ," అన్నాడు చివరికి.

"పోయిన నెల పద్దెనిమిదన్నావు," అన్నాడు జడ్జి, కళ్ళు తెరవకుండా.

కత్తెర ఆగింది.

"మిషన్ కట్టేశారనుకున్నానండీ."

"నా మిషన్, నా ఇష్టం. ఏ లెక్క రాసుకోమంటావు?"

ఫక్రీ దువ్వెనకి పట్టిన జుట్టు దులిపాడు. "రెండూ నిజమేనండీ. చూడనివ్వకపోతే బావులు ఏటేటా లోతెక్కుతాయి."

జడ్జి అద్దంలో అతని మొహం చూశాడు. తరవాత తల కొంచెం ముందుకి వంచాడు.

"వెనక ఇంకాస్త తియ్యి. తొందరేం లేదు. ఆ గాడిద సంగతి కూడా కానీ."