పన్ను ధరా, క్రోటన్ కుండీలూ

ఈ సంగతి ఇంతకుముందు రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. చాలాకాలం నాకు రాయడమే రాదు. యాభై మూడో ఏట, ఆదివారం స్త్రీల కూటం ముగిశాక మా పాస్టరమ్మ గారు నా చేత పలక పట్టించేదాకా నా సంతకం నా బొటనవేలే. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదంటే దానికి కారణం వేరు. అప్పటికి ఇంకా ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు మానేశాను గనక రాస్తున్నాను.

నెల్లూరు టౌన్‌లో ఒక ప్రైవేటు పళ్ల ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లు ఆయాగా పనిచేశాను. నేను చెప్పబోయేది కరోనా తగ్గిన తర్వాత రెండో వేసవిలో ఒక శుక్రవారం జరిగింది. శుక్రవారమని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మా దగ్గర దవడలో స్క్రూలు దింపేది ఆ ఒక్కరోజే. అందుకోసం చెన్నై నుంచి వేరే డాక్టరు పొద్దుటి రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేవారు. ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరు గారు. ఆయన కింద నెల జీతం మీద ఒక డాక్టరమ్మ, ఆమె తర్వాత కౌంటర్లో కూర్చునే రజని అనే అమ్మాయి, అందరికంటే కింద నేను.

ఆయా అంటే ఊడ్చే మనిషి అనుకుంటారు. పనిముట్లను బ్రష్‌తో రుద్ది కడిగి, ఆరబెట్టి, కవర్లలో పెట్టి, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెట్టేది కూడా ఆయానే. కవరు మీద గీత రంగు మారితేనే లోపలి పనిముట్టు శుభ్రమైనట్టు. చదువు రాకపోయినా రంగులు తెలుసు గనక ఆ పనిలో నేను ఎప్పుడూ మాట పడలేదు. డాక్టరు డ్రిల్లు వేస్తుంటే నోట్లో నీళ్లు లాగే గొట్టం పట్టుకునేదాన్ని. పొద్దున్నే మెట్ల దగ్గరి బోర్డు తుడిచి, రెండు క్రోటన్ కుండీలు లోపలి నుంచి తెచ్చి బయట పెట్టేదాన్ని.

వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. అది ఎవరూ పనిగా లెక్కవేయరు. పేషెంటుకు ధైర్యం చెప్పడం. విడవలూరు నుంచో చిల్లకూరు నుంచో వచ్చిన మనిషి డాక్టరు మాట వింటాడు గానీ నమ్మడు. ఆయమ్మ మాట నమ్ముతాడు. పెద్ద డాక్టరు గారికి ఈ కిటుకు బాగా తెలుసు. ఆయన ధర చెప్పేసి, తలుపు దగ్గర నిలబడి, "సుగుణమ్మా, పెద్దాయనకు కాస్త అర్థమయ్యేట్టు చెప్పు" అనేవారు. నేను చెప్పేదాన్ని. "పదివేలకు పన్ను యాడొస్తాది అన్నా, ఇంక ఆలోచన చెయ్యమాక" అని. నిజమనుకునే చెప్పేదాన్ని. అబద్ధమని తెలిసి చెప్పేవాళ్లకు గొంతు తడబడుతుంది. నాకు తడబడేది కాదు. ఆసుపత్రికి నా చదువులేనితనం ఎంత లాభమో అప్పట్లో నాకు తెలియదు, తెలిస్తే జీతం పెంచమనేదాన్ని.

ఇంప్లాంట్ అంటే ఒక వస్తువు కాదు, మూడు. ఎముకలోకి దిగే స్క్రూ, దాని మీద బిగించే జాయింటు, ఆ పైన పన్ను ఆకారంలో ఉండే క్యాప్. స్క్రూ దింపి చిగురు కుట్టేశాక, ఎముక దాన్ని గట్టిగా పట్టుకోవడానికి మూడు నాలుగు నెలలు ఆగాలి. మిగతా రెండూ ఆ తర్వాతే. వైద్యంగా చూస్తే ఇది మంచి పద్ధతే, పక్కనున్న మంచి పళ్లను అరగదీయక్కర్లేదు. వ్యాపారంగా చూస్తే ఇంకా మంచి పద్ధతి. నాలుగు నెలలపాటు ఆసుపత్రి వస్తువు ఒకటి పేషెంటు దవడలో ఉంటుంది. అతను ఎక్కడికి పోతాడు?

కరోనాలో పేషెంట్లు తగ్గిపోయారని పెద్ద డాక్టరు గారు కొత్త బోర్డు చేయించారు. మనిషంత ఎత్తు. దాని మీద నవ్వుతున్న ఒక అమ్మాయి. ఆమెకు ముప్ఫైరెండు పళ్లూ ఉన్నాయి, ఇంప్లాంట్ ఆమెకెందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆమె గడ్డం కింద 9,999 అని నా అరచేయంత అంకెలు. అంకెలు నాకు ముందునుంచీ వచ్చు. బోర్డు పెట్టిన రోజే రజని నాకు చెప్పింది, కుండీలు రెండూ సరిగ్గా బోర్డు పాదాల దగ్గర, ఒకదానికొకటి ఆనించి పెట్టాలని. అందం కోసమని. ఆరేడు నెలలు ఆ అందాన్ని నా చేతులతో నేనే సర్దాను.

మధ్యలో ఒకసారి అనుమానం రావాల్సింది. సంగం నుంచి ఒక రైతు, స్క్రూ దింపించుకున్న నాలుగు నెలలకు క్యాప్ కోసం వచ్చాడు. కౌంటర్లో ఏదో విన్నాడు. డాక్టరు గదివైపు చూడలేదు, నావైపు చూశాడు. "నువ్వే గదమ్మా చెప్పినావు, పదివేలేనని" అన్నాడు. ఆ మాట మీదే వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. రజనిని అడిగితే, "ఆయన ఖరీదైన క్యాప్ అడిగినాడులే అక్కా" అంది. నమ్మాను. నన్ను అందరూ నమ్మినట్టే.

ఇక ఆ శుక్రవారం. కుండీలు మోసుకొస్తుంటే ఒకదాని అంచు పగిలింది. పగిలిన వైపు చేయి కోసుకుంటుందని దాన్ని పక్కకు తిప్పి పెట్టాను. రెంటి మధ్య బెత్తెడు సందు వచ్చింది. ఆ సందులో చీమల బారులాంటి అక్షరాలు. అప్పటికి ఒత్తులన్నీ వచ్చి నెలరోజులై ఉంటుంది, ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ కూడబలుక్కునే పిచ్చిలో ఉన్నాను. వంగి చదివాను. "కు మాత్రమే." దేనికి మాత్రమే? కుండీ జరిపాను. మెట్ల మీద కూర్చుని మొత్తం వరస చదవడానికి చాలాసేపే పట్టింది. "పై ధర స్క్రూకు మాత్రమే. జాయింటు, క్యాప్ ధరలు అదనం."

లోపలికి వెళ్లి రజనిని అడిగాను, అదనం అంటే ఎంత అని. ఆ అమ్మాయి నన్ను చూసి, "నీకు చదవడం ఎప్పుడొచ్చిందక్కా?" అంది. అదే జవాబు. రెండోసారి అడిగితే చెప్పింది, ఒక్కో పన్నుకు ఇంకో పద్దెనిమిది వేలు.

ఆ రోజు మొదటి పేషెంటు మార్తమ్మ. విడవలూరు అవతల సముద్రం పక్క ఊరు, రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఐసు కరిగిన నేల మీద జారి పైవరస ముందుపళ్లు రెండూ పోగొట్టుకుంది. వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. పళ్లు పోయాక మాటకు ముందు గాలి వస్తోందని, పాస్టరు మరదలు అప్పుడే ముందువరసలోకి జరిగి కూర్చుంటోందని, ఎక్స్‌రే తీసినప్పుడే నాకు చెప్పింది. ఈస్టరులోపు పళ్లు కావాలి. కమ్మలు కుదవపెట్టి ఇరవై వేలు తెచ్చింది. ఆమెకు ధైర్యం చెప్పమని పెద్ద డాక్టరు గారు ఎప్పటిలాగే నాకు అప్పగించి లోపలికి వెళ్లారు. చెన్నై డాక్టరు చేతులు కడుక్కుంటున్నారు.

నేను పక్కన కూర్చుని చెప్పాను. "మార్తమ్మా, పన్ను మూడు ముక్కలు. నువ్వు తెచ్చిన డబ్బుకు కింది ముక్కే వస్తాది. పైవాటికి ఇంకో ముప్ఫై ఆరు వేలు."

"అంటే ఈస్టరుకు నోరు తెరిచి స్క్రూలు చూపించాల్నా అక్కా?"

"స్క్రూలు కూడా కనపడవు. చిగురు కింద ఉంటాయి. ఈస్టరుకు అసలేమీ రాదు. నాలుగు నెలలాగాల."

"మొన్న నువ్వే గదా పదివేలన్నావు?"

"మొన్న నాకు చదవడం వచ్చుగానీ ఆ బోర్డు చదవలా."

మార్తమ్మ లేచి నేరుగా లోపలికి వెళ్లింది. నేను పనిముట్ల పళ్లెం పట్టుకుని వెనకే వెళ్లాను. ఆమె చేతులు కట్టుకుని, "సార్, మూడు ముక్కలకూ కలిపి ఒక్క రేటు చెప్పండి" అంది.

పెద్ద డాక్టరు గారు నవ్వి, ముందు పునాది వేద్దామమ్మా, పైకప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నారు.

"మా ఊళ్లో పునాదులేసి వదిలేసిన కాలనీ ఇళ్లు శానా ఉండాయి సార్. మేకలు పడుకుంటాయి వాటిల్లో" అంది మార్తమ్మ. చెన్నై డాక్టరుకు తెలుగు అంతంతమాత్రమే, అయినా ఆయన చేతులు తుడుచుకోవడం ఆపారు. మార్తమ్మ చీర కొంగు ముడి ఒకసారి తడిమి చూసుకుని, దండం పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత సర్కారు ఆసుపత్రిలో తీసి పెట్టుకునే పళ్లు చేయించుకుంది. కమ్మలు విడిపించుకుంది. ఈస్టరుకు పాట ఆమే ఎత్తుకుంది. మాటకు ముందు గాలి ఇప్పటికీ కొంచెం వస్తుందట. పాస్టరు మరదలు వెనక్కు జరిగింది.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచారు. కోప్పడలేదు. ఆయన కోప్పడరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. అది నాకు అర్థం కాదని గుర్తొచ్చి తెలుగులో ఒక్క మాట అన్నారు. ధరల సంగతి కౌంటరు చూసుకుంటుంది, నువ్వు ఆయా పని మాత్రం చెయ్యి. సరేనన్నాను. తీసెయ్యలేదు. ఆటోక్లేవ్ నడపడం వచ్చి, ఆ జీతానికి నిలబడే మనిషి దొరకదని మా ఇద్దరికీ తెలుసు.

దీనివల్ల నేను నేర్చుకున్నది చిన్నదే. పన్ను ధర అడిగేవాళ్లు ముందు అది ఎన్ని ముక్కలో అడగాలి, చివరి ముక్క ఎప్పుడొస్తుందో అడగాలి, అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోవాలి. చవక ఇంప్లాంట్లు ఉండవని కాదు, మొత్తం ధర ముందే చెప్పేవాళ్ల దగ్గర ఉంటాయి. చదవడం రాకపోతే చదివేవాళ్లను వెంట తెచ్చుకోవాలి. ఆ ఆసుపత్రి ఆయాను మాత్రం అడగకూడదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఎనిమిదింటికి వెళ్లి ఆయా పని మాత్రమే చేశాను. మెట్లు ఊడ్చాను. బోర్డును తడిగుడ్డతో పైనుంచి కిందిదాకా తుడిచాను, చివరి వరసను రెండుసార్లు. తర్వాత కుండీలు రెండూ తెచ్చి, నీళ్లు పోసి, మెట్లకు అవతలిపక్క పెట్టాను.