మా అత్త అళవు జాకెట్టు

పోయిన వారం మా వీధి టైలరు నన్ను అవమానించాడు. కొత్త చీరకు జాకెట్టు కుట్టమని గుడ్డతో పాటు ఎప్పటిలాగే ఆది జాకెట్టు ఇస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇది ఎప్పటిది?" అన్నాడు. ఎప్పటిదైతే నీకెందుకు, దాని ప్రకారం కుట్టవయ్యా అన్నాను. కుడతానుగానీ తర్వాత తిట్టకూడదని ముందే మాట తీసుకున్నాడు. కోపంగా ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాక కోపం కాస్త తగ్గింది. ఆడవాళ్ళం చాలామందిమి ఇంతే. టేపుతో కొలిపించుకోవడానికి బద్ధకమో సిగ్గో, ఒకప్పుడు ఒంటికి చక్కగా సరిపోయిన జాకెట్టు ఒకటి దాచుకుని, ప్రతిసారీ దాన్నే కొలతగా పంపిస్తూ ఉంటాం. పుదుచ్చేరిలో మా తెలుగిళ్ళల్లో దాన్ని అళవు జాకెట్టు అంటారు. మొదటి మాట తమిళం, రెండోది ఇంగ్లీషు, అయినా మేం మాట్లాడేది అచ్చతెలుగేనని మా నమ్మకం. టైలరు మాటతో మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె గుర్తు రావడమేమిటి, రోజూ ఫోన్ చేసి నన్ను తిడుతూనే ఉంటుంది. గుర్తొచ్చింది ఆమె ఇల్లు కదలకుండా కూర్చున్న ఆరు నెలలు.

అత్తవాళ్ళది బజారులో జాకెట్టు గుడ్డల అంగడి. ఎవరైనా చీర తెస్తే ట్యూబ్‌లైటు కింద రంగు నమ్మకూడదని అత్త దాన్ని పట్టుకుని వీధిలోకి నడిచేది. ఎండలో ఒక్కసారి విప్పి చూసి, లోపలికొచ్చి, గోడ నిండా ఉన్న తానుల్లోంచి ఒక్కటి లాగి బల్ల మీద పడేసేది. రెండో తాను చూపించమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కొత్త గుడ్డల గంజి వాసన, పక్క కొట్లోంచి వచ్చే కాఫీ పొడి వాసన, మధ్యలో అత్త గొంతు, నా చిన్నతనంలో సెలవులంటే ఇవే. పెళ్ళికి వెళితే ఆమె చూపు పెళ్ళికూతురి మీద కాదు, వచ్చినవాళ్ళ జాకెట్ల మీద ఉండేది. చీరకు కలవని జాకెట్టు ఎదురుగా పంక్తిలో కూర్చుంటే ఆమెకు పాయసం కూడా రుచించేది కాదు.

ఇక నేను. నాది ప్రజారోగ్య పరిశోధన. క్యాన్సర్ వైద్యం తీసుకునేవాళ్ళ మనసు ఎలా ఉంటోంది, నిద్ర పడుతోందా, దిగులు పెరుగుతోందా అని ప్రశ్నపత్రాలతో అడిగి తెలుసుకుని, ఆసుపత్రిలో వాళ్ళకు ఏ సాయం కావాలో చెప్పడం నా పని. మా అత్త దీన్ని ఒక్క మాటలో తేల్చేసింది. ఎవరైనా అడిగితే, "ఏడ్చేవాళ్ళ దగ్గరికి పోయి ఏడస్తాండారా అని అడిగే ఉద్యోగం" అని చెప్పేది. నేను ఎంత వివరించినా అంతకన్నా బాగా చెప్పలేకపోయాను.

అలాంటి అత్తకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు తీసేశారు. ఆపరేషనూ, తర్వాతి మందులూ ఆమె మా అందరికన్నా ధైర్యంగా దాటింది. జుట్టు ఊడిపోతే తలనూనె ఖర్చు తగ్గిందంది. అంతా అయిపోయింది, ఇక మూడు నెలలకొకసారి చెకప్‌కు రమ్మని డాక్టర్లు చెప్పి పంపాక మొదలైంది అసలు కథ. అత్త గడప దాటడం మానేసింది. అంగడికి పోదు, గుడికి పోదు. నైటీ వేసుకుని, భుజాల మీంచి తువ్వాలు కప్పుకుని, వంటింట్లో కూరగాయలు తరుగుతూ కూర్చునేది. మొదటి చెకప్‌కు రానంది. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, బతిమాలితే, "ఫైలు తీస్కపోయి చూపిచ్చు, దాంట్లో అన్నీ రాసుండారు గదా" అంది. రెండో చెకప్ కూడా అలాగే పోయింది. జబ్బు తిరగబెడితే ముందుగా పట్టుకోవడానికే ఆ చెకప్పులని ఆ ఇంట్లో అందరికన్నా నాకు బాగా తెలుసు. అందుకే అందరికన్నా ఎక్కువ భయపడింది కూడా నేనే.

భయపడి ఏం చేశాను? ప్రశ్నపత్రం తీసుకెళ్ళాను. తెలుగువాళ్ళ కోసం నేను పట్టుబట్టి తెలుగులో వేయించిన పత్రం అది. అత్త దాన్ని చేతిలో పట్టుకుని, "ఏంది పాపా ఇది, జాంగిరీలు పిండినట్టుండాది. దీన్నెవురు సదివేది? నువ్వే సదువు, వింటా" అంది. మా ఊళ్ళో చాలామంది తెలుగువాళ్ళలాగే ఆమెకూ చదవడం తమిళమే వచ్చు. యాభై ఏళ్ళ దాన్ని, ఆమెకు ఇంకా పాపనే. చదివాను. దిగులుగా ఉంటోందా? లేదు. నిద్ర పట్టడం లేదా? బ్రహ్మాండంగా పడుతోంది. భవిష్యత్తు మీద ఆశ పోయిందా? "నాకేమి, మహారాణి మాదిరుండాను. నువ్వు కాఫీ తాగతావా?" కాఫీ తాగి, పత్రం మడిచి, మనసుకేమీ ఇబ్బంది లేదు, ఇది వట్టి మొండితనమని బావకు చెప్పి వచ్చేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పోనీ సంతోషపెడదామని ఒక చీర కొన్నాను. జాకెట్టు కుట్టిస్తాను, అళవు జాకెట్టు ఇవ్వమన్నాను. అత్త లోపలికెళ్ళి తెచ్చిచ్చింది. కుట్టించి ఇస్తే బాగుందంది. ఆ తర్వాత ఒక ఆదివారం, ఫైలు వెతకడానికి ఆమె బీరువా తెరిచాను. ఫైలు కింద ఏడు జాకెట్లున్నాయి. అన్నీ కొత్తవి, ఒక్కసారి కూడా ఒంటి మీదికి ఎక్కనివి, టైలరు వదిలేసిన దారాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా పైన నేనిచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను, అన్నీ ఒకే కొలత. ఆపరేషన్‌కు ముందటి కొలత. ఎంత తెలివితక్కువదాన్నైనా అప్పుడు నాకు అర్థమైంది.

వాటిని ఒళ్ళో పెట్టుకుని వచ్చి వంటింట్లో ఆమె ఎదురుగా కూర్చున్నాను. పొట్లకాయ తరుగుతున్న అత్త తల ఎత్తి చూసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

"ఫైలు ఎతకమంటే జాకెట్లు ఎతకతాండావా?"

"కొత్తగా అళవు తీపిచ్చుకోని కుట్టిచ్చుకోకూడదా అత్తా?"

"ఎవురు తీసేది? ముప్పై ఏండ్లుగా ఆ టైలరుకు జాకెట్టే పంపిచ్చిండాను. ఇప్పుడు పొయ్యి వాని ముందర నిలబడేదా?"

"నేను తీస్తా."

"నువ్వా? నీకు టేపు పట్టేది తెలుసునా?"

తెలియదు. అయినా తలుపేసి, ఫ్యాను కింద ఆమెను నిలబెట్టాను. అత్త తువ్వాలు తీసి మంచం మీద పెట్టింది. ఇన్నేళ్ళుగా ఈ జబ్బు గురించి రాస్తున్న నేను ఆ మచ్చను అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు నవ్వొచ్చింది. "టేపు తిరగేసి పట్టుకోనుండావు పాపా. ఇంచీలు ఆ పక్కుండాయి." తిప్పి పట్టుకున్నాను. ఇక్కడ కాదు అక్కడ, బిగించకు, మెడ ఎంత దించాలో కూడా రాసుకో అని ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆ కొలతలు తీసుకునే మధ్యలో, నేనేమీ అడక్కుండానే, తనంతట తానే చెప్పింది. మందులైపోయాక ఒకరోజు పాత జాకెట్టు వేసుకుని అంగడికి వెళ్ళిందట. ఒక పక్క ముడుచుకుపోతుంటే కొంగు రెండుసార్లు చుట్టుకుందట. చీర పట్టుకుని ఎండలోకి నడిచినప్పుడు ఆ చీర తెచ్చిన ఆమె ఆ రంగు చూడలేదట. "గుడ్డను చూడాల్సిన కండ్లు నన్ను చూసినాయి" అంది. అంతే, ఇంటికొచ్చేసింది.

మా ఊళ్ళోనే జాలరిపేట కురుచికుప్పంలో ఒక అమ్మాయి ఇంట్లో మిషన్ పెట్టుకుని కుడుతుంది. తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రెడీమేడ్ బట్టల వర్క్‌షాపులో పనిచేసి, పెళ్ళయ్యాక మానేసింది. భర్త పడవ మీద చేపలకు పోతాడు. ఆమెకు సంగతి చెబితే ఒక్క క్షణం కూడా బిడియపడలేదు. ఎడమవైపు లోపల దూది ఒక్కటే పెడితే తేలికై పైకి జరిగిపోతుందని, బరువుకు చిన్న సంచిలో ఆవాలు పోసి కుడతానని అంది. అత్తకు చెప్పాను. "ఆవాలొద్దు. వానలో తడిస్తే మొలకలొస్తాయి" అంది. రాగులన్నా అదే జవాబు. చివరికి అంగడిలో కొంగులకు కుట్టే గాజుపూసలు గుప్పెడు కొలిచి తనే పంపింది. మూడు జాకెట్లు చెడగొట్టాక నాలుగోది కుదిరింది. అత్త దాన్ని వేసుకుని, అద్దం ముందు పక్కకు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, చేతులు పైకెత్తి, దించి, "రేపు ఆసుపత్రి ఎన్ని గంటలకు?" అంది.

డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. ఇదే ఆసుపత్రిలో పనిచేస్తూ ఆరు నెలలు ఎలా ఊరుకున్నారని నన్నే చీవాట్లు పెట్టాడు. పరీక్షలన్నీ చేసి జబ్బు ఆనవాలు ఎక్కడా లేదన్నాడు. నేను వరండాలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడి హాయిగా ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే, అత్త ఒక నర్సమ్మకు ఆమె చీర నీలంలో పచ్చ కలిసి ఉందనీ, జాకెట్టు గుడ్డ కొనేముందు ఎండలోకి తీసుకెళ్ళి చూసుకోవాల్సిందనీ చెబుతోంది.

తర్వాత నా ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న చేర్చాను. ఆపరేషన్ తర్వాత కొత్త జాకెట్టు కుట్టించుకున్నారా, వేసుకుంటున్నారా? మా సమావేశంలో ఇది మనసును కొలిచే ఏ స్కేలులోదని అడిగారు. మా అత్త స్కేలులోదన్నాను. నవ్వారుగానీ ఉండనిచ్చారు. అన్నిటికీ లేదు లేదు అంటూ వచ్చినవాళ్ళు ఆ ప్రశ్న దగ్గర ఆగుతారు. కొందరు నవ్వుతారు, కొందరు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. కొందరిని కురుచికుప్పం పంపిస్తాను. అత్త మళ్ళీ అంగడిలో కూర్చుంది. చెకప్‌కు వచ్చిన రోజు మా గదికి వచ్చి, అక్కడున్నవాళ్ళ చీరలకు వంకలు పెట్టి పోతుంది. ఆ రోజు మా పని సగమే జరుగుతుంది, మేమెవరం బాధపడం.

మొన్నొక రోజు అడిగాను, అప్పుడే నాకు ఎందుకు చెప్పలేదని. అత్త తాను చుట్టడం ఆపకుండానే అంది: "నువ్వు అడిగిందంతా మనసు గురించి. నా మనసుకేమి, బాగానే ఉండె. జాకెట్టు గురించి అడిగింటే చెప్పింటాను గదా." ఆ ఒక్క ప్రశ్న నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళ ఉద్యోగం పట్టింది, ఆమెకు ఆరు నెలలు వంటింట్లో పోయాయి. రెండిట్లో ఎక్కువ కాలం ఆమెదేనని ఇప్పుడు నాకనిపిస్తుంది.