జల్లెడ మీద మిగిలింది

మా భూసార పరీక్ష కేంద్రంలో ఒక నియమం ఉంది. రైతు తెచ్చిన మట్టిని నీడలో ఆరబెట్టి, కొయ్య సుత్తితో నలగ్గొట్టి, రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ పట్టాలి. కింద పడిందే మట్టి. పైన మిగిలిన రాళ్లూ రప్పలూ చెత్తబుట్టలోకి పోతాయి, రిపోర్టులో వాటి ఊసే ఉండదు. నేను కెమిస్టుగా చేరేనాటికే ఆ నియమాన్ని పాటించని మనిషి అక్కడ ఒక్కతే ఉంది. జల్లెడ పట్టేది ఆవిడే కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

అందరూ ఆవిడను జల్లెడక్క అనేవారు. ఆఫీసరు మొదలుకొని వాచ్‌మన్ దాకా ఆవిడ అందరికీ అక్కే. వరండా చివర, నా గదికి పక్క గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టక్ టక్‌మని మట్టిగడ్డలు కొడుతూ ఉండేది. కిటికీ గట్టు మీద ఖాళీ అగ్గిపెట్టెలు వరసగా ఉండేవి. ఒక్కో పెట్టె మీద ఒక నంబరు, లోపల ఆ నంబరు మట్టిలో దొరికిన రాళ్లు. తనిఖీ వాళ్లు వస్తున్నారని ఒకసారి నేను అవన్నీ పారేయమని గట్టిగా కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ సాయంత్రం అన్నీ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లింది. తనిఖీ అయిన మర్నాడు మళ్లీ గట్టు మీద అదే వరసలో ఉన్నాయి.

ఎందుకక్కా ఈ చాదస్తం అని విసుక్కుంటే, ఆవిడ ఒకే ఒక్క మాట అంది.

"మట్టిని కన్నది రాయి మేడం. తల్లి మొహం చూడకుండా బిడ్డ గుణం ఎలా చెప్తారు?"

నేను రాళ్ల పేర్లు పరీక్ష కోసం బట్టీపట్టినదాన్ని. ఆవిడకు వాటి స్వభావాలు తెలుసు. మెరిసే గింజలున్న గ్రానైట్ అరిగితే వచ్చే ఎర్రమట్టి ఎన్ని నీళ్లు పోసినా వెంటనే దాహం అంటుందనీ, అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి బిడ్డ అయితే ఒక్క వానను నెలల తరబడి కడుపులో దాచుకుంటుందనీ, ఇసుకరాయి మట్టికి పెట్టిన ఎరువు పెట్టినట్టే కిందికి జారిపోతుందనీ ఆవిడే నాకు చూపించింది. సున్నపురాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట ఆపేసేది.

రాళ్ల సంగతి తప్ప ఇంకేం మాట్లాడేది కాదు. మబ్బు పట్టింది, వాన వస్తుంది కదక్కా అంటే "ఏమో" అనేది. మా అబ్బాయి పరీక్ష పాసవుతాడంటావా అని అడిగితే తల దించుకుని సుత్తి అందుకునేది. ఎంత పొగరో అనుకున్నాను. ఒకసారి ఆవిడ జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే చూడ్డానికి వెళ్లాను. ఒక గది. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. నాకు మంచినీళ్లిచ్చి, నేను తాగి గ్లాసు కింద పెట్టాక, కడిగి తను తాగింది. ఆ గదిలో రెండో మనిషి అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో. ఆ జ్వరంలోనే, గోడ వైపు తిరిగి పడుకుని, తన కథ చెప్పింది.

తల్లి పోయాక ఆరేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ని ఆవిడే పెంచింది. వాడు పెద్దవాడై, పెళ్లి చేసుకుని, తండ్రి పొలంలో నిమ్మతోట వేయబోయాడు. గుంటలు తీస్తున్న రోజున, మోకాటి లోతులో తెల్లటి రాళ్లు బయటపడ్డాయి. అలాంటి రాళ్లు పైకి తేలిన చోట గడ్డి కూడా పచ్చగా ఉండకపోవడం ఆవిడ చిన్నప్పటినుంచీ చూసింది. అందుకే, "ఇక్కడ చెట్టు మూడేళ్లు నిలవదేమోరా" అంది. అంతే. తోట రెండేళ్లు కళకళలాడింది. మూడో ఏడు ఆకులన్నీ పసుపెక్కి, చెట్లు మోడైపోయాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా అన్నారు చుట్టుపక్కలవాళ్లు. మరదలు చంటిబిడ్డను ఆవిడకు కనపడకుండా దాచేది, పిల్లాడు బొద్దుగా ఉన్నాడని ఎక్కడ అనేస్తుందోనని. చివరికి ఒకరోజు తమ్ముడే అన్నాడు, నీ పాడు నోరే నా తోటను తినేసిందని. మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సెక్కింది. వాడు గుమ్మంలో నిలబడి చూశాడు, ఆగమనలేదు.

కొంగున కట్టి తెచ్చుకున్నది ఒక్క తెల్లరాయి. మా కేంద్రంలో పనికి కుదిరిన ఏడాది, ఎవరో యాసిడ్ పరీక్ష చేస్తుంటే చూసి, ఆ రాయి మీదా ఒక చుక్క వేయమని అడిగిందట. రాయి బుసబుసా పొంగింది. సున్నం. వేరు దాన్ని తాకితే చెట్టుకు ఇనుము అందదనీ, ఆకు పాలిపోతుందనీ అప్పుడు తెలిసింది ఆవిడకు. చెట్లను చంపింది రాయి, తన నోరు కాదు. కానీ ఆ మాట ఎవరికి చెప్పాలి? ఒకవేళ వెళ్లి చెప్పినా, చెప్పాల్సింది ఆ నోటితోనే కదా.

ఇక ఉద్యోగంలో మిగిలింది రెండు నెలలు అనగా, ఒక ఉదయం ఆవిడ తనంతట తానే నా బల్ల దగ్గరికి వచ్చింది. అంతవరకు ఎన్నడూ రాలేదు. అరచేతిలో రెండు తెల్లరాళ్లు. ఒకటి తన పాతది, ఒకటి ఆ రోజు జల్లెడ మీద మిగిలింది. రెండింటికీ అడ్డంగా ఒకేలాంటి ఎర్రటి చార. నంబరు పట్టుకుని రిజిస్టరు తీశాను. ఆవిడ తమ్ముడి పేరే, తండ్రి పేరు కూడా కలిసింది. వేయబోయే పంట అన్నచోట బత్తాయి అని ఉంది. నిమ్మకు స్వయానా చెల్లెలు.

జల్లెడ కింద పడిన మట్టి ఫలితం చక్కగా వచ్చింది. నియమం ప్రకారం అయితే తోట వేసుకోవచ్చని రాసి ఇచ్చేయాలి.

"చెప్పండి మేడం, వేయొద్దని చెప్పండి. నేను చెప్పినట్టు మాత్రం తెలియకూడదు. యంత్రం చెప్పిందనండి," అంది. మాట ఇచ్చేదాకా కదలలేదు.

రిపోర్టు కోసం వచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. కూర్చోబెట్టి, అతని మట్టిలో దొరికిన తెల్లరాయి ముందు పెట్టి, యాసిడ్ చుక్క అతనిచేతే వేయించాను. రాయి పొంగడం చూసి చేయి వెనక్కి లాక్కున్నాడు. పైన పటారం, లోన లొటారం, మీ నేల సంగతి ఇదీ అని చెప్పాను. మోకాటి లోతు నుంచి సున్నపు పొర ఉందనీ, బత్తాయి వేస్తే మూడో ఏటికి మోడైపోతుందనీ చెప్పాను.

"మూడో ఏటికా?" అన్నాడు. "దీన్ని ఎవరు కనిపెట్టారు మేడం?"

యంత్రం అన్నాను.

"ఈ యంత్రం ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఉండుంటే," అన్నాడు, "మా అక్కను నేను పోగొట్టుకునేవాణ్ని కాదు."

పక్క గదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

నేను కూర్చున్న చోటికి తలుపు సందులోంచి ఆవిడ కనిపిస్తోంది. అతని వీపు తలుపు వైపు ఉంది. నేను లేవబోయాను. ఆవిడ వద్దని తల అడ్డంగా ఊపింది. మీ అక్క ఇప్పుడెక్కడ అని మాత్రం అడిగాను. తెలియదన్నాడు. వెతకడానికి మొహం చెల్లలేదన్నాడు. బత్తాయి కాకపోతే ఏం వేయమంటారని అడిగితే దానిమ్మ అని చెప్పాను, అది సున్నాన్ని తట్టుకుంటుంది. ఆ సలహా కూడా ఆవిడదే. అతను తెల్లరాయిని చొక్కా జేబులో వేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను విసురుగా ఆ గదిలోకి వెళ్లాను. చెవులారా విన్నావు కదా, బయటికొస్తే ఏం పోయేది, ఇంత పంతమా అని నోటికొచ్చినట్టు కేకలేశాను. ఆవిడ నా కోపం అయిపోయేదాకా ఆగింది.

"రేపు దానిమ్మకు పురుగు పట్టినా, వాన మొహం చాటేసినా, మళ్లీ నా నోరే గుర్తొస్తుంది మేడం వాడికి. ఇన్నేళ్లకు ఇవాళ ఒక్క మంచి మాట దక్కింది నాకు. దాన్ని కూడా పరీక్షకు పెట్టమంటారా?"

ఇప్పటికీ మాట ఇచ్చాను కదా అని నన్ను నేను సమర్థించుకుంటాను, అతని వెనకే మెట్లు దిగి పరిగెత్తాల్సిందని ఆ వెంటనే తిట్టుకుంటాను.

ఆవిడ మళ్లీ పీట మీద కూర్చుని సుత్తి అందుకుంది. కానీ కొట్టలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇక్కణ్నుంచి వీపే కనపడింది. గుడ్డ చుట్టుకున్నాడు తలకి. జుట్టు నెరిసిందా మేడం?"

సగానికి పైగా నెరిసిందని చెప్పాను.

"అప్పుడేనా," అంది. "చిన్నవాడే."