చెల్లెలు పాలు మానిన ఏడు

మొన్న మనవరాలు ఆఫీసు విందుకోసం ఏదో కాగితం నింపుతూ, అందులో శాకాహారులకే నాలుగు గడులున్నాయని చదివి వినిపించింది. పాలూ పెరుగూ తినేవాళ్లకొకటి, వాటితోపాటు గుడ్డు కూడా తినేవాళ్లకొకటి, ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ముట్టని జైనులకొకటి, జంతువు నుంచి వచ్చేదేదీ, చివరికి పాలచుక్క కూడా ముట్టని వీగన్లకొకటి. తాను నాలుగో గడిలో టిక్కు పెట్టుకుంది. నేను ఊరుకునే రకమా? మనది ఏడు తరాల శుద్ధ శాకాహార వంశమని అందుకున్నాను. మీ దగ్గర దాపరికమెందుకు, ఆ ఏడు తరాలూ మా బాపు తులసిమాల వేసుకున్ననాడే మొదలయ్యాయి. మా తాత బోనాలకు మేకపోతు కోయనిదే నిద్రపోయేవాడు కాదు. వయసులో ఉండగా పత్తర్‌గట్టి కబాబుల వాసనకు నేను కూడా రెండు మూడు సార్లు, సరే, పది పన్నెండు సార్లు లొంగిపోయాను.

"గట్ల గాదు తాతా, పాలు తాగెటోళ్లు పూరా శాకాహారులు ఎట్లయితరు?" అని మనవరాలు అడిగింది. అరవయ్యేళ్ల కిందట మా చెల్లెలు కూడా పాలు మానేసింది. అప్పుడు దానికి గడి లేదు, పేరు లేదు. పిచ్చి అన్నాం.

యాకుత్‌పురా స్టేషను వెనక మా కొట్టంలో ముప్పై బర్రెలుండేవని అందరికీ చెబుతుంటాను గాని, ఉన్నవి ఏడు, అందులో ఒకటి మా మేనమామది. పాలమ్ముకునే ఇళ్ల సంగతి నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది: పెయ్యదూడ పుడితే పండుగ, దున్నదూడ పుడితే దానికి పాలు దండగ. ఎవరూ కొట్టి చంపరు, పొదుగు దగ్గరకు రానివ్వరు, అంతే. ఆ యేడు పుట్టిన దున్నదూడకు నుదుట రూపాయంత తెల్లమచ్చ ఉండేది. ఎనిమిదేళ్ల మా చెల్లెలు దాని మెడకు తన రిబ్బను కట్టి, చేత్తో గంజి తాగించేది. పాలు పితికేది నేను, పదహారేళ్లవాణ్ణి, కాబట్టి నా వెంటపడేది. "అన్నా, గింతంత ఇడువవే, సచ్చిపోతది." "నువ్వు ఫికర్ జెయ్యకు, నేనున్న గదా" అని రొమ్ము విరుచుకున్నాను. బాపు చూడకుండా రోజూ రెండు చన్నులు దూడకు వదిలేస్తున్నానని ఆమెకు చెప్పాను. ఒక్కనాడూ వదల్లేదు. వెలితి చెంబు బాపు చేతికివ్వాలంటే నాకు భయం.

పుట్టిన తొమ్మిదోనాడు, చెల్లెలు బడికి పోయినప్పుడు, దూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేకపోతే బర్రె చేపదు, పాలు పైకి ఎగబట్టుకుంటుంది. అందుకని ఆ రోజుల్లో చచ్చిన దూడ తోలు తీయించి, గడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టేవారు. తల్లి దాన్ని నాకుతూ పాలిచ్చేది. బాపు అదే చేశాడు. నేను చెల్లెలికి ఇంకో కథ చెప్పాను: మన దూడను ఒక రైతు కొనుక్కుపోయాడు, పెద్దయ్యాక దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగకు కొమ్ములకు నెమలీకలు కట్టుకుని వస్తుంది, కొట్టంలో నిలబెట్టింది వేరేవాళ్ల దూడ తోలు అని. నమ్మించడానికి పొయ్యిమసిలో నూనె కలిపి ఆ తెల్లమచ్చ మీద నేనే పూశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తల్లి ఊరుకుంటుందా, రెండు పూటలా నుదురే నాకింది. మూడోనాడు పొద్దున చెల్లెలు పాలగిన్నె పట్టుకుని నిలబడి చూస్తుండగానే మసి పోయి మచ్చ తేలింది. ఏడవలేదు, లొల్లి చేయలేదు. గిన్నె గోడవార పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత పాలు, పెరుగు, నెయ్యి, చాయ్, ఏదీ ముట్టలేదు. బాపు కొట్టాడు, అమ్మ తాయెత్తు కట్టించింది. పక్కింటి ఖాలా ఒక్కతే "పిల్లను సతాయించకుండ్రి, దాని దిల్ ఒప్పుకుంటలేదు" అని, రంజాన్ పండుగకు అందరికీ మా పాలతో షీర్ ఖుర్మా చేసినా, దీనికి మాత్రం బాదం నూరిన నీళ్లలో సేమియా వండి పంపేది.

మసి సంగతి చెల్లెలు క్షమించింది. భయపడి పూశానని అనుకుంది. నేను వదిలిన పాలు దూడకు చాలలేదని మాత్రం నమ్మింది. పెళ్లయి ధూల్‌పేట్‌కు పోయాక పిల్లలకూ అదే చెప్పింది: అందరిలో మా అన్న ఒక్కడే దానికి పాలిడిసిండని.

పోయినేడు చెల్లెలు జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఎముకల్లో సత్తువ లేదు, పాలు తాగించండని డాక్టరు చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పేద్దామని మూడుసార్లు పోయాను; మూడుసార్లూ ముప్పై బర్రెల కబుర్లు చెప్పి, ఆమెను నవ్వించి తిరిగొచ్చాను. నాలుగోసారి కబురొచ్చి పోయేసరికి ఆమెకు మాట పడిపోయింది. పెద్దవాణ్ణని నా చేతికే చెంచాతో పాలిచ్చారు, చివరి చుక్కలు నోట్లో పోయమని. నేను వద్దనలేదు. పోశాను. ఆమె పెదవులు విప్పలేదు, పాలు చెంప మీదుగా జారి దిండులో ఇంకిపోయాయి.

ఇప్పుడు కొట్టం ఉన్నచోట నాలుగంతస్తుల మేడ ఉంది. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, దూడలు ఏమవుతున్నాయో చూసే పని ఎవరికీ లేదు. మానేసేవాళ్లను ఎవరూ పిచ్చివాళ్లనడం లేదు, వాళ్లకోసం వేరే వంట కూడా చేస్తున్నారు. ఇదంతా మా చెల్లెలికి ఏ మాత్రమూ పనికిరాలేదు. ఆమె మనవలు నేను వెళ్లినప్పుడల్లా చుట్టూ చేరి, దూడకు దొంగచాటుగా పాలు వదిలిన తాత ఇతనేనని పక్కింటి పిల్లలకు చూపిస్తారు. నేను కాదనను. రోజుకు రెండు చన్నులని చెబుతాను.