ఫ్లోరెన్సు మాట, మా అమ్మ మాట

“అమ్మమ్మా, రేపు మా ఫ్రెండ్స్ వచ్చినప్పుడు నువ్వేం మాట్లాడకు” అని మా అమ్మాయి అంది. మనవడి పుట్టినరోజుకని రాజాం దగ్గర పల్లె నుంచి విజయనగరంలోని మా ఇంటికి వచ్చిన అమ్మ మొదట నవ్వేసింది. “ఏటే, నా మాట నిన్ను కరుస్తాదేటి?” అంది. కానీ ముద్దకో కథ చెప్పి తినిపించే మనిషి, రాత్రి అన్నాల దగ్గర గిన్నె వైపు చేత్తో చూపించి ఊరుకుంది.

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టక, వేసిన గడియే మళ్ళీ చూసొచ్చి, ఇలా రాస్తూ కూర్చున్నాను.

కాలేజీలో చరిత్ర చెప్పిన మాస్టారు గుర్తొస్తున్నారు. తక్కిన మాస్టార్లు మా యాసకి మొహం చిట్లించినా, ఆయన పాఠమంతా మా మాటలోనే చెప్పేవారు. ఒకరోజు ఇటలీ పాఠం వచ్చింది. “సదువుకున్నోళ్ళు లాటిన్లో రాస్తన్న రోజుల్లో ఒక కవి తన ఊరు ఫ్లోరెన్సు మాటలో పెద్ద కావ్యం రాసేసినాడు. ఊరు ఆయన్ని ముందే తరిమేసింది గానీ, నోట్లో మాటని లాక్కోలేకపోయింది” అన్నారు. ఆ వెనక మరో ఇద్దరు అదే మాటలో రాశారట. రెండు వందల ఏళ్ళ తర్వాత పండితులు ఆ పుస్తకాలు చూసే వ్యాకరణం కట్టారట. దేశం ఒకటయ్యాక బళ్ళలో అదే ఇటాలియన్ అయి కూర్చుందట. నా పక్కనున్న స్నేహితురాలు ఉండబట్టలేక, “మన మాట కూడా అలగైపోతాదా మాస్టారూ?” అంది. “ముందు మీ పిల్లలకి రానీయండి, తర్వాత సూద్దాం” అన్నారాయన. పెళ్ళిళ్ళింకా కాని మేమంతా సిగ్గుపడి నవ్వుకున్నాం.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. బడిలో వెక్కిరిస్తారని మా ఆయనా నేనూ పిల్లల దగ్గర పుస్తకాల తెలుగే మాట్లాడుతున్నాం. అమ్మ వచ్చిన నాలుగు రోజులే ఆ మాట మా ఇంట్లో వినిపిస్తుంది. ఆ నోరు కూడా మూసుకుంటే, ఏ కవి పుట్టి మాత్రం దేన్ని పట్టుకుని రాస్తాడు?

అంతవరకు రాసి ఆపాను. పొద్దున్నే పిల్లలిద్దర్నీ మా యాసలోనే దగ్గరికి పిలిచాను. వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. నా నోట ఆ మాట ఎప్పుడూ వినని మా అమ్మాయి తెల్లబోయి చూస్తుంటే, “సాయంత్రం మీ ఫ్రెండ్సుకి అమ్మమ్మే కథ సెప్తాది. ఆళ్ళకి తెలకపోతే మీరు సెప్పండి. మీకూ తెలకపోతే నన్నడగండి, నానున్నాను” అన్నాను.