ఐదు తావుల అడగల్ల

"ఇంజినీరు సంతకం పెట్టినాడు మా! మిషను పెట్టి చూసినారు. నాలుగడుగుల కాడ గట్టి గరుసు నేల ఉండాదని కాగితంలో రాసిచ్చినారు. ఇంకేం కావల్ల నీకు?"

"మిషను యాడ పెట్టినార్రా?"

"ముందర. మిషను లారీ ఆడిదాకనే పోయింది."

"మల్ల యెనక మూల ఎవురు చూసినారు? ఆ సంతకం లేసి యెనక గుంతలోకి దిగిందా?"

గుంతలు తవ్వుతున్న కూలీలు నవ్వారు. మా పెద్దవాడి మొహం కందిపోయింది. "ఎప్పుడో పోయిన గంగప్ప మాటలు పట్టుకోని పని ఆపుతాండావు. రేపు పొద్దున్నే కాంక్రీటు వస్తాంది. నీకు చెప్పినా ఒకటే, ఈ గుంతకు చెప్పినా ఒకటే" అన్నాడు.

ధర్మవరం చివర వాడు కట్టుకుంటున్న ఇంటి వెనక మూల, పిల్లర్ గుంత అంచున కూర్చుని ఉన్నాను. అప్పుడే నీళ్లు చిలకరించిన ఎర్రమన్ను వాసన పైకి వస్తోంది. ఆ వాసన తగిలితే నాకు పక్కనున్న మనుషులు దూరమైపోతారు. ఎండలో పెనుకొండ కొండ పొగలా ఊగుతుంటుంది. దాని కింద తలగుడ్డ చుట్టుకున్న ఒక బక్క మనిషి గడ్డపార పట్టుకుని, చెవి ఒక పక్కకు వంచి నిలబడి ఉంటాడు.

గంగప్ప మేస్త్రి దగ్గర నేను మన్ను మోశాను. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. పెళ్లయిన ఏడాదే తట్ట నెత్తికెత్తుకున్నాను. ఆయన ఏ స్థలానికి పోయినా మొదటి రోజు పని మొదలుపెట్టేవాడు కాదు. గుంత అడుగు నుంచి మన్నుగడ్డ ఒకటి తీసి, గిన్నెలో నీళ్లు పోసి అందులో పెట్టి, "ఈ పొద్దు అడుగుదాం. రేపు పొద్దున చెప్తాది" అని ఇంటికి పోయేవాడు. తెల్లారి గడ్డ గడ్డలాగే ఉంటే గట్టి నేల. కరిగి బురదైపోతే ఇంకా కిందికి పోవాలి. ఆ నీళ్లలో ఎరుపు మెల్లమెల్లగా మేఘంలా విప్పుకోవడం చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి గుర్తొచ్చేది కాదు. ఒకసారి గడ్డపార దించుతూ నన్ను పిలిచాడు.

"ఏమ్మే ఓబుళమ్మా, ఇనపడ్తాందా?"

"ఏంది మేస్త్రీ?"

"గడ్డపార మాట."

"దానికి నోరు యాడుండాది?"

"నీకున్నంత లేదులే. అందుకే నువ్వు ఊరుకుంటే ఇనపడ్తాది."

ఊరుకున్నాను. వినపడింది. మెత్తని నేలలో గడ్డపార మూలిగినట్టు దిగుతుంది. గులకరాళ్ల గరుసు తగిలితే గంటలా ఒక్కసారి మోగి ఆగుతుంది. ఈ వయసులో కూడా వీధిలో ఎవరైనా గుంత తవ్వుతుంటే నా కాళ్లు ఆగిపోతాయి.

పొదుపు కూడా నాకు ఆయన దగ్గరే అబ్బింది. హిందూపురంలో ఒక వ్యాపారి గోదాము కడుతున్నప్పుడు, పగిలిన రాతి ముక్కను కూడా పారేయనిచ్చేవాడు కాదు. సందుల్లో అమర్చేవాడు. "దొడ్డ పిసినారివప్పా" అని వ్యాపారి ఎగతాళి చేస్తే, "గోడ కాడ పిసినారినే. పునాది కాడ మాత్రం నన్ను తొందర పెట్టొద్దు" అన్నాడు.

అంతటి మనిషి ఒకే ఒక్కసారి తొందరపడ్డాడు. అది ఈ ధర్మవరంలోనే. నేసేవాళ్ల ఇల్లు. వానలు దగ్గరకొచ్చాయని ఇంటాయన వెంటపడితే, ముందు వైపు ఒక్కచోట గడ్డపార దించి, గడ్డ నానబెట్టి చూసి, మంచి గరుసు అని పునాది వేయించాడు. ఆ వానలు పోయేసరికి వెనక గది మూల దిగిపోయింది. చెయ్యి పట్టేంత సందు ఇచ్చి గోడ విడిపోయింది. ఆ గదిలో చంటిబిడ్డ ఉయ్యాల ఉండేది. ఆ సమయానికి బిడ్డ వాళ్లవ్వ ఒళ్లో ఉంది కాబట్టి సరిపోయింది.

మూల తవ్వి చూస్తే, పైన జానెడు గరుసు, దాని కింద అంతా బూడిద. అది పాత మగ్గం గుంత. మా వైపు నేసేవాళ్లు కాళ్లు గుంతలో పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటారు. మగ్గం తీసేశాక గుంత పూడ్చేస్తారు. పైన నాలుగేళ్లు నడిస్తే గుంత ఉన్న సంగతే మరిచిపోతారు. ఆ బూడిదలో ఇంకా పట్టు పోగులు ఉన్నాయి. రంగు పోయినా, ఎండ తగలగానే నిద్రలో కళ్లు తెరిచినట్టు మెరిశాయి. ఆ గుంత పూడ్చి చెప్పకుండా పోయిన తన తండ్రిని ఇంటాయన తిట్టుకోబోతుంటే గంగప్ప అడ్డుకున్నాడు. వీధి వీధంతా చూస్తుండగా తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెద్దాయన్ను అనొద్దప్పా. తప్పు నాది. ఒక తావున అడిగి, నేలంతా చెప్పినట్టు అనుకుంటి. ఐదు తావుల అడగల్ల. నాలుగు మూలలు, నడిమి. అడిగితే మన్ను కోపం చేసుకోదు."

ఆ మూలను మళ్లీ తన చేత్తోనే కట్టాడు. తప్పు నాది అని ఒక మేస్త్రి అనగా నేను వినడం అదే మొదలు. ఆ తరవాత కూడా ఎక్కువ వినలేదు.

మా వాడి స్థలంలో వెనక వైపు ఒకప్పుడు మగ్గాల షెడ్డు ఉండేదని పక్కింటామె మొన్ననే చెప్పింది. ఇల్లు లేచాక ఆ మూల గదిలో నా మనవరాలు పడుకుంటుంది. అందుకే సంచిలోంచి రెండు స్టీలు గ్లాసులు తీశాను. ఒకదాంట్లో ముందు గుంత గడ్డ, ఇంకోదాంట్లో వెనక గుంత గడ్డ వేసి నీళ్లు పోశాను. "ఇవి చూసినాకనే కాంక్రీటు" అన్నాను. మా వాడు బండెక్కి పోయాడు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి మా వాడు వెనక గుంతలో నడుం లోతున ఉన్నాడు. ఒళ్లంతా ఎర్రమన్ను.

"ఇంకో రెండడుగులు దించి చూసినా మా. మిగిలిన మూలలు, నడిమి గూడా చూసినా. అంతా గరుసే" అన్నాడు.

గ్లాసుల దగ్గరికి పోయాను. రెండింటిలోనూ గడ్డలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నీళ్లు తేటగా ఉన్నాయి. కూలీలు నా వైపే చూస్తున్నారు.

"తప్పు నాదిరా. ఈడ మగ్గం గుంత లేదు. పోయించు" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

మా వాడు గడ్డపార పైకి అందించి, నా చెయ్యి పట్టుకుని గుంతలోంచి ఎక్కాడు. కాంక్రీటు లారీ వచ్చింది. గ్లాసుల్లో నీళ్లు పక్కనున్న వేపమొక్కకు పోసి, గ్లాసులు కడిగి సంచిలో పెట్టుకున్నాను.