కూర్చున్న కుర్చీని జప్తు చేయరాదు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్ళలో మా ఇళ్ళలో సర్కారు కొలువంటే ఒక కుర్చీ అనే లెక్క. మా నాన్న బొగ్గుగనిలో పనిచేసినవాడు, కూర్చుని చేసే పని ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. నాకు భూసేకరణ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "కుర్చీ ఇచ్చిండ్రా?" ఇచ్చారు. (ఒక చెయ్యి ఊగేది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.) అమ్మ దాని మీద వేసుకోవడానికి తెల్ల తువ్వాలు కూడా కొనిచ్చింది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో ఆ ఆఫీసు. ఏ ఊరో చెప్పను, అందులో పనిచేసినవాళ్ళు ఇంకా నాతో మాట్లాడుతున్నారు.

నేను చేరిన కొత్తలోనే కోర్టు నుంచి జప్తు ఉత్తర్వు వచ్చింది. ఒక అవ్వ మెట్ట చెలకను కాలువ కోసం సర్కారు తీసుకుంది. పరిహారం పెంచి ఇవ్వమని కింది కోర్టు తీర్పు చెప్పింది. సర్కారు పై కోర్టుకు పోయి అక్కడా ఓడింది, అయినా కట్టలేదు. దాంతో ఆఫీసు సామాను జప్తు చేయమన్నారు. (సర్కారు మీద గెలవడం ఒక ఎత్తు, గెలిచింది చేతికి రావడం ఒక ఎత్తు.) మా ఆఫీసరు ఆ రోజే ఖమ్మంలో మీటింగుందని వెళ్ళిపోయాడు. మిగిలిన పెద్దదిక్కు మా సూపరింటెండెంటు, మేం చాటుగా 'లా పాయింటు సారు' అనేవాళ్ళం. "మనిషి కూసున్న కుర్చీని జప్తు చేసే కానూన్ యాడ లేదు. ఎవ్వరు లేవొద్దు," అన్నాడు. ఏ పుస్తకంలో ఉందని అడిగే ధైర్యం ఎవరికుంది? అందరం అతుక్కుపోయాం.

జప్తు చేసే కోర్టు అమీను ట్రాలీ ఆటోతో వచ్చాడు, వెంట అవ్వ. ఆయన మమ్మల్ని ఒక చూపు చూశాడు. ఖాళీగా ఉన్న ఆఫీసరు కుర్చీని ఆటో ఎక్కించి వచ్చి, "నాకేం జల్దీ లేదు సార్, కూసోండ్రి," అని గుమ్మానికి ఆనుకున్నాడు. లేచి తెచ్చుకునేవాళ్ళు లేక చాయ్ గేటు దాకా వచ్చి చల్లారిపోయింది. ముందుగా షుగరున్న టైపిస్టు బాత్‌రూముకు లేచాడు, కుర్చీ పోయింది. తర్వాత ఒక్కొక్కరే. చివరికి ఆఫీసరు ఫోన్ చేశాడు. ఆయన ఫోనొస్తే నిలబడి మాట్లాడటం లా పాయింటు సారుకు ఏళ్ళనాటి అలవాటు. "అవ్ సార్, గట్టిగ కూసునే ఉన్నం సార్," అంటుండగానే ఆయన కుర్చీ ఆటో ఎక్కింది.

నేనొక్కణ్ణే మిగిలాను. అవ్వ వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటోంది. పై నుంచి ఆమె నెరిసిన తల చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. సిగ్గేసింది. లేచి, "అవ్వా, ఇందులో కూసో," అన్నాను. అమీను తలూపాడు. అవ్వ కూర్చుని, ఊగే చేతిని తడిమి చూసింది.

"గింత పాత కుర్చీ నేనేం చేసుకుంట బిడ్డా," అంది. "నువ్వు పొద్దటిసంది కూసుంటివి, లేస్తివి. మీ కాలువ నా చెలకల కూసున్నది. అది ఎన్నడు లేస్తది?"

ఆఫీసరు నిలబడి సంతకాలు పెట్టాల్సి వచ్చేసరికి డబ్బు తొందరగానే కోర్టులో పడింది, కుర్చీలూ తిరిగొచ్చాయి. ఇప్పుడు నేనే సూపరింటెండెంటును. ముసలివాళ్ళెవరైనా వస్తే నా కుర్చీ ఇచ్చి నిలబడే మాట్లాడతాను. సారుకు నడుం నొప్పేమో అనుకుంటారు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు. అనుకోనీ అని నవ్వుకుంటాను.